ఎగువకి లాగని బండి

ఈమధ్య లంబసింగి మీదుగా పాడేరు వెళ్తుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. 516ఇ జాతీయ రహదారి పని ఎక్కడ జరుగుతున్నా పొక్లెయిన్లూ టిప్పర్లే. కొండవాలు మీద నాలుగైదు పొక్లెయిన్లు బకెట్లు తిప్పుతున్నాయి, కింద టిప్పర్లు వంతు కోసం నిలబడి ఉన్నాయి. ముక్కు పైకెత్తి, మట్టి ముందుకు నెట్టుకుంటూ కొండెక్కే చైన్ డోజరు మాత్రం దారి పొడుగునా ఒక్కటీ లేదు. పొక్లెయిన్‌కీ చైన్లుంటాయి, కాదనను. కానీ అది ఒకచోట కుదురుకుని పనిచేసే బండి. డోజరు తన బరువంతా తనే కొండ మీదికి ఈడ్చుకెళ్లి, అక్కడ మళ్లీ మట్టిని నెట్టాలి. అందుకే దాని లోపాలన్నీ కొండ మీదే బయటపడేవి.

కొండ మీద తప్ప కనపడని లోపాన్ని పట్టుకోవడం ఒక ప్రత్యేకమైన పని. బండి పల్లంలో హాయిగా తిరుగుతుంది, ఎగువకి తిప్పగానే బలం చాలక ఆగిపోతుంది. యార్డుకి తెచ్చి విప్పితే ఏ తప్పూ కనపడదు. చేతిలో పెద్ద మీటర్లేవీ లేకుండా, పొగ చూసి, చప్పుడు విని, చేత్తో తాకి తప్పెక్కడుందో చెప్పే మేస్త్రులు అప్పట్లో ఉండేవాళ్లు. అలాంటి ఒకాయన దగ్గర నేను పానాలు అందించాను.

*

మా యార్డులో రెండు తరాల బండ్లుండేవి. పాతవి అమెరికా క్యాటర్‌పిల్లర్లు, డి-4, డి-6. తర్వాతవి కోలారు బంగారు గనుల ఊళ్లో తయారైనవి. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్, జపాను కొమాట్సు సహకారంతో అక్కడ డోజర్లు తయారుచేసేది. పొలాలు చదును చెయ్యడం, గట్లు పొయ్యడం, కాఫీ తోటలకి దారులు తియ్యడం, వానల్లో జారిపడిన చరియల్ని రోడ్డు మీంచి తప్పించడం... ఏ పనున్నా ట్రెయిలరు మీద కొండ మొదలు దాకా తీసుకెళ్లి దించేవాళ్లు. అక్కడి నుంచి బండి తన కాళ్ల మీద తనే వెళ్లాలి. తారు రోడ్డు దాటాల్సి వస్తే పాత లారీ టైర్లు పరిచేవాళ్లం. చైను పళ్లు తారులో దిగితే రోడ్డు వాళ్లతో తగువు మరి.

పాత డి-6ని లేపడమే ఒక తంతు. ఇంజను పక్కన రెండు సిలిండర్ల పెట్రోల్ ఇంజను ఒకటుంటుంది. పెద్దదాన్ని తిప్పి లేపడమే దాని ఉద్యోగం. మేం దాన్ని చిన్నింజను అనేవాళ్లం. తాడు చుట్టి ఒక్క లాగు లాగితే టపటపమని అందుకునేది, అందుకోకపోతే హెల్పరు భుజం సంగతి దేవుడికెరుక. చిన్నది కాసేపు ఆడాక పెద్దదాని కంప్రెషన్ లీవరు తీసేసి, పినియన్ కలిపి, క్లచ్ మెల్లగా వదలాలి. చిన్నదాని పొగ పెద్దది గాలి పీల్చుకునే దారి పక్క నుంచే బయటికి పోయేది, రెండింటికీ నీళ్లు కూడా ఒకటే. అందువల్ల చిన్నది తిరుగుతున్నంతసేపూ పెద్దది లోపల్నుంచి వెచ్చబడుతూ ఉంటుంది. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే చింతపల్లి చలిలో ఆ ఏర్పాటు ఎంత తెలివైనదో తెలిసొచ్చేది. ఆయిలు ప్రెషరు ముల్లు లేచాక కంప్రెషన్ వేసి డీజిలు తెరిస్తే ముందు తెల్లటి పొగ. తర్వాత ఒక సిలిండరు మండుతుంది, ఆగి ఇంకొకటి, ఆ వెనక మరో రెండు. ఆరూ కలిసేసరికి కాళ్ల కింద నేల సన్నగా అదిరేది.

ఆ నాలుగైదు నిమిషాలూ మేస్త్రి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఏ సిలిండరు ఆలస్యంగా కలిసిందో వినేవాడు. ఆ పూట బండి ఎలా ఉంటుందో సగం అక్కడే తేలిపోయేది.

*

ఫిర్యాదు ఎప్పుడూ ఒకే మాటల్లో వచ్చేది. "ఏటి సెప్పమంతారు బాబూ, కిందన బాగానే లాగతంది. ఎగువకి తిప్పితే సాలు, దిగిపోతంది."

ఆపరేటర్లకి ఇంజను చప్పుడు పడిపోవడం దిగిపోవడమే. మేస్త్రి బండి ముట్టుకోకుండా ముందు అడిగేవి మూడు సంగతులు. దిగేటప్పుడు పొగ ఏ రంగు? మొదలెట్టిన ఎంతసేపటికి దిగింది? ట్యాంకులో డీజిలు ఎంతుంది? ఆపరేటరుకి తెలియకపోతే, "పద, అక్కడికే పోదాం" అనేవాడు. బండిని యార్డుకి దించడానికి ఒప్పుకునేవాడు కాదు. కొండ మీద కనపడే తప్పుని పల్లంలో వెతకడం ఆయన దృష్టిలో జీతం దండగ.

అక్కడికెళ్లాక ఆపరేటరుని బండెక్కించి, తను పక్కన ఫెండరు మీద కూర్చునేవాడు. బ్లేడు నిండా మట్టి పట్టించి ఎగువకి నడిపించేవాడు. మొదట తేల్చాల్సింది, బలం ఇంజనులో తగ్గిందా, ఇంజను దాటాక ఎక్కడైనా జారిపోతోందా అని. చైను నెమ్మదించినా ఇంజను చప్పుడు తగ్గలేదంటే ఇంజను మంచిదే, మెయిన్ క్లచ్ జారుతోంది. కాసేపట్లో మాడిన వాసన వచ్చి ఆ మాట ఖాయం చేస్తుంది. ఎక్కుతూ ఎక్కుతూ బండి ఒక పక్కకి తిరుగుతుంటే ఆ పక్క స్టీరింగ్ క్లచ్ పట్టడం లేదన్నమాట. లోపలి సీలు పాడై పొడి క్లచ్‌లోకి ఆయిలు చేరితే అలా జరుగుతుంది. దానికి ప్లేట్లు మార్చేదాకా పోనక్కర్లేదు. కింద బిరడా బిగించి, ఆ గదిలో కిరోసిన్ పోసి, లీవరు లాగి పట్టి కాసేపు తిప్పి, నల్లటి నీళ్లలా వచ్చేదాన్ని వదిలేస్తే మళ్లీ కొన్నాళ్లు పట్టేది. సీలు మార్చకపోతే మళ్లీ అదే కథ. ఆ సీలు ఇండెంటు పెట్టిన ఎన్నాళ్లకి వచ్చేదో చెప్పుకుంటే ఇది వేరే వ్యాసం అవుతుంది.

రెండూ కాక, ఇంజను చప్పుడే కుంగిపోతుంటే అప్పుడు తలెత్తి గొట్టం వైపు చూసేవాడు. పొగ సంగతి ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. నల్లగా కక్కుతూ దిగితే డీజిలు అందుతోంది, గాలి అందడం లేదు. పొగ లేకుండా దిగితే గాలి ఉంది, డీజిలే అందడం లేదు. తెల్లగా వస్తే డీజిలు లోపలికి పోయి కూడా మండడం లేదు. నీలంగా ఉంటే రింగులు పోయి ఇంజనాయిలు తగలబడుతోంది, దానికి కొండ మీద వైద్యం లేదు. ఇంత చిన్న సూత్రం మీద ఆయన సగం పనిచేసేవాడు.

నల్ల పొగకి మా ఏజెన్సీలో కారణం సాధారణంగా దుమ్మే. ఇక్కడి కొండరాయి, భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అనేది, ఎండకీ వానకీ కుళ్లి ఎర్రటి పొడిమట్టి అయిపోతుంది. ఇంజను గాలి పీల్చేచోట ఆయిలు గిన్నె ఒకటుంటుంది, దుమ్ము అందులో పడాలి. వేసవిలో దారి తీస్తుంటే మధ్యాహ్నానికే ఆ ఆయిలు రాగి జావలా చిక్కబడేది. దానికి తోడు ఎత్తు. వెయ్యి మీటర్ల పైన గాలి సముద్రమట్టం కంటే దాదాపు 10 శాతం పల్చన. టర్బో లేని పాత ఇంజనుకి ఆ మేరకి బలం తగ్గి తీరుతుంది. అనకాపల్లిలో లాగిన బండి లంబసింగిలో అంతే లాగాలని పట్టుబట్టే అధికార్లకి ఈ ముక్క చెప్పలేక మేస్త్రి విసుక్కునేవాడు.

*

పొగ లేకుండా దిగిపోయే జబ్బులే అసలైన చిక్కులు. ఒకటి చెప్తాను.

కాఫీ తోటకి దారి తీస్తున్న డి-6 అది. పొద్దున్న లేపితే ఎంత వాలైనా ఎక్కుతుంది. ఓ అరగంట బరువు మీద పనిచేశాక మెల్లగా నీరసిస్తుంది, పొగ రాదు, చివరికి ఆగిపోతుంది. టీ తాగి వచ్చి లేపితే మళ్లీ అరగంట. ఫిల్టర్లు మార్చారు, ట్యాంకు కింద తెరిచి నీళ్లు వదిలారు, గాలి తీశారు. పంపు పోయిందని తేల్చి, దాన్ని విప్పి విశాఖపట్నం పంపుదామని కాగితం కూడా సిద్ధం చేశారు.

మేస్త్రి ఆగిన బండెక్కాడు. సీటు వెనక ట్యాంకు. మూత ఎక్కడో కొండల్లో పడిపోయింది, దాని బదులు ఎవరో సైకిలు ట్యూబు రబ్బరు కోసి మూతి మీద సాగదీసి కప్పి, ఇనప తీగతో బిగించి కట్టారు. దుమ్ము పడకూడదని జాగ్రత్త. మంచి జాగ్రత్తే. ఆ రబ్బరు మధ్యలో వేలు లోతున లోపలికి గుంటపడి ఉంది. మేస్త్రి నన్ను పిలిచి అది చూపించాడు. తర్వాత తీగ వదులు చేశాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది.

అసలు మూతకి సన్నటి బెజ్జం ఉంటుంది. డీజిలు తగ్గిన మేరకి ఆ దారినే గాలి లోపలికి వెళ్లాలి. రబ్బరు కట్టాక ఆ దారి మూసుకుపోయింది. పంపు డీజిలు లాగినకొద్దీ ట్యాంకు వెనక్కి లాగుతుంది. పల్లంలో ఖాళీగా తిరిగితే డీజిలు ఖర్చు తక్కువ, లోపం తెలియడానికి గంటలు పడుతుంది. బ్లేడు నిండా మట్టితో ఎగువకి పోతే అరగంటలో తెలిసిపోతుంది. టీ తాగేలోపు సందుల్లోంచి కాస్త గాలి చేరి మళ్లీ కొంతసేపు నడుస్తుంది. అరగంట అన్న మాట విన్నప్పుడే మేస్త్రి సగం గ్రహించాడు. పాడైన పంపుకి గడియారం తెలియదు అన్నాడు. రబ్బరుకి మేకుతో బెజ్జం పొడిచి, మీద ఒక రేకుముక్క అడ్డంగా కట్టించాడు. పంపు కాగితం చించి బీడీ అంటించుకున్నాడు.

*

కొండ డీజిలుతో ఆడే ఆట ఇంకొకటుంది. ట్యాంకు వెనక, ఇంజను ముందు. సమంగా ఉన్న నేల మీద ట్యాంకులోని డీజిలు ఎత్తులో ఉండి తనంతట తనే పంపు వైపు నడుస్తుంది. 20 డిగ్రీల వాలెక్కితే రెండున్నర మీటర్ల ముందున్న ఇంజను దాదాపు 85 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే పంపు అంత ఎత్తుకి డీజిలుని పీల్చుకోవాలి. పైపు అతుకులో వెంట్రుకంత సందుంటే పల్లంలో అక్కడ చెమ్మ కారుతుంది. అదే సందు ఎగువకి పోతున్నప్పుడు గాలి పీలుస్తుంది. కాబట్టి వాలు మీద కారని చోట కూడా వెతకాలి. మేస్త్రి అతుకులన్నిటికీ వరసగా గ్రీజు పూసి మళ్లీ ఎక్కించేవాడు. ఏ అతుకు మీద గ్రీజు లోపలికి లాక్కుపోతే అదే దొంగ.

మరో పరీక్ష ఇంకా సులువు. బండిని తిప్పి, అదే వాలు వెనక్కి ఎక్కించేవాడు. వెనక గేరు వేగం వేరు కాబట్టి బలం కొలవడానికి అది పనికిరాదు. కానీ ముందుకి పోతే నీరసించే బండి వెనక్కి పోతే హాయిగా ఎక్కిందంటే రింగులూ వాల్వులూ విప్పాల్సిన పని లేదు. తప్పు ట్యాంకుకీ పంపుకీ మధ్యలోనే. మా డి-6లో డీజిలు పైపు ట్యాంకు ముందు అంచునుంచి బయల్దేరుతుంది. డీజిలు అడుగంటితే ముక్కెత్తినప్పుడు అదంతా వెనక మూలకి చేరి పైపు నోరు బయటపడేది.

చైన్లు మరీ బిర్రుగా ఉన్నా బలం వాటికే సరిపోతుంది. పై రోలరుకీ ముందు చక్రానికీ మధ్య చైను అంగుళం, అంగుళంన్నర కుంగాలి. బ్రేకు పూర్తిగా వదలకపోయినా అంతే, పనాపి రెండు పక్కల బ్రేకు డబ్బాల మీద చేతి వెనక వైపు ఆనిస్తే ఏది పట్టిందో తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక సిలిండర్ల వంతు. ఇంజను మెల్లగా తిరుగుతుండగా డీజిలు గొట్టం నట్టుని పానాతో పావు చుట్టు వదులు చేస్తారు. డీజిలు బయటికి చిమ్ముతుంది, ఆ సిలిండరు మండడం మానేస్తుంది. చప్పుడు మారి ఇంజను తడబడితే ఆ సిలిండరు అప్పటిదాకా పనిచేస్తున్నదన్నమాట. బిగించి రెండోది. వదులు చేసినా చప్పుడులో తేడా రాకపోతే పనిచెయ్యనిది దొరికింది. మేస్త్రి పెద్ద స్క్రూడ్రైవరు మొన నాజిలు మీద పెట్టి, పిడి చెవి కింద ఎముకకి ఆనించి కళ్లు మూసుకునేవాడు. మంచి నాజిలు చిటుక్ చిటుక్‌మని గట్టిగా కొట్టేది, పోయినది మెత్తగా. నా చెవికి మొదట అన్నీ ఒకటే మోత. చాలా నాళ్ల తర్వాత, సంతరోజు ఒకనాడు క్యాంపులో వేరే పని లేక వింటూ కూర్చుంటే, నాలుగోది తేడాగా వినపడింది. విప్పి చూస్తే నిజమే. మేస్త్రి "ఊఁ" అని ఊరుకున్నాడు.

*

ఈ వెతుకులాటంతా తప్పించేవి పొద్దూ సాయంత్రం చేసే చిన్న చిన్న పనులు. డీజిలు పీపాల్లో వచ్చేది. దించిన పీపాని ఒక రోజు కదపకుండా వదిలెయ్యాలి, చేతిపంపు గొట్టం అడుగుకి నాలుగు వేళ్లు పైనే ఉండాలి. ట్యాంకు సాయంత్రం పని కాగానే నింపాలి. ఖాళీ ట్యాంకుని ఏజెన్సీ చలిలో రాత్రంతా వదిలితే లోపలి గాలిలో చెమ్మ గోడలకి పట్టి నీళ్లయి కారుతుంది. పొద్దున్నే బండి లేపకముందు ట్యాంకు అడుగు కుళాయి తిప్పి, తేట డీజిలు వచ్చేదాకా వదలాలి. ఆ పని చెయ్యని హెల్పరుకి ఆ రోజు టీ లేదు.

గ్యాస్కెట్లు కూడా క్యాంపులోనే కోసుకునేవాళ్లం. కాగితపు అట్టలాంటి షీటుని ఇంజను అంచు మీద పరిచి, గుండ్రటి తల సుత్తితో అంచు వెంబడి టిక్ టిక్‌మని కొట్టుకుంటూ పోతే కింది అంచు షీటుని కోసేస్తుంది. రాత్రి పెట్రోమాక్సు వెలుతుర్లో ఆ చప్పుడు కొండంతా వినపడేది. ఆ షీటులో ఉండేది ఆస్‌బెస్టాస్ అని, క్లచ్ ప్లేట్ల పొడి కూడా అదేనని, దాన్ని నోటితో ఊదకూడదని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

*

పోయినదాన్ని తలుచుకుని నిట్టూర్చడం తేలిక. నేను పూర్తిగా ఆ పక్షం కాదు. ఆ బండ్లకి క్యాబిన్ లేదు, నెత్తి మీద ఒక గుడ్డ గొడుగు, అదీ ఉంటే. బండి బోల్తా పడితే ఆపరేటరుకి అడ్డం ఏదీ లేదు. క్యాంపులో మలేరియా రాని మనిషి లేడు. ఏ మేస్త్రి చెవి మీద మేమంతా ఆధారపడ్డామో ఆ చెవిని ఆ బండ్లే తినేశాయి. సైలెన్సరు లేని ఇంజను పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి యాభై దాటేసరికి పక్కవాడి మాట వినలేకపోయేవాడు. అయినా స్క్రూడ్రైవరు ఎముకకి ఆనిస్తే నాజిలు చప్పుడు ఆయనకి అందేది. ఇంట్లో మనవలు మాత్రం ఆయనతో అరిచి మాట్లాడాలి.

డోజరు చేసిన పని కూడా అంత ముచ్చటైనదేం కాదు. అది మట్టిని నెట్టగలదు, ఎత్తి పెట్టలేదు. కొండని కోసిన మట్టంతా పల్లంలోకే తోసేవాళ్లం. కింద చెట్లు, గెడ్డలు, గిరిజనుల పొలాలు పూడిపోయినా బిల్లులో ఆ లెక్క రాసేవాడు లేడు. పొక్లెయిన్ తవ్విన మట్టిని టిప్పర్లో పోస్తుంది, తీసుకెళ్లి ఎక్కడ పొయ్యాలో అక్కడ పోస్తారు. పొయ్యాలి, కనీసం.

కొత్త బండ్లలో బలం తగ్గితే తెర మీద నంబరు వస్తుంది. ఒక్కోసారి బండే తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. కుర్రాడు లాప్‌టాప్ తగిలిస్తాడు, ఏ సెన్సరో చెప్తుంది, మారుస్తాడు, మధ్యాహ్నానికి పని మొదలు. మా మేస్త్రి పద్ధతిలో నట్టు వదులు చేసి చూడబోతే ప్రాణం మీదికొస్తుంది. కామన్ రైల్ ఇంజన్లలో డీజిలు వెయ్యి బార్లకి పైబడిన ఒత్తిడితో ఉంటుంది, చిమ్మితే చర్మం కోసుకుని లోపలికి పోతుంది. అందుకే ఆ విద్య వాడకూడనిది కూడా అయింది. ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. నంబరు రాకపోతే కుర్రాడు బండిలో తప్పేమీ లేదంటాడు. ఆపరేటరు ఎగువకి లాగడం లేదని మొత్తుకుంటున్నా బండెక్కి వాలు మీదికి పోయి చూడడు. ఆ పని ఎవరి ఉద్యోగంలోనూ లేదిప్పుడు.

*

మా యార్డు బండ్లు చివరికి వేలానికొచ్చాయి. తూకం లెక్కన ఇనుము కొనేవాళ్లే వచ్చారు. జాబితాలో డి-6 ఎదురుగా 'పనికిరాని స్థితి' అని టైపు చేసి ఉంది. పాట పాడుకున్న వ్యాపారి గ్యాస్ కట్టరుతో కోయించి తీసుకెళ్తాడనుకున్నాం. ఆయన వెంట ఒక ముసలి డ్రైవరు దిగాడు. బండి చుట్టూ తిరిగి, చిన్న డబ్బాతో పెట్రోలు, పెద్ద డబ్బాతో కాస్త డీజిలు పోసి, గాలి తీసి, చిన్నింజనుకి తాడు చుట్టాడు. ఎన్నో లాగులకి అది అందుకుంది. పెద్దది తెల్లగా, తర్వాత నల్లగా ఊది, ఆరు సిలిండర్లూ కాకపోయినా ఐదింటి మీద తిరగడం మొదలెట్టింది. గుమస్తాలు కాగితాలు వదిలి బయటికొచ్చారు.

ట్రెయిలరు వెనక ర్యాంపు దించారు. డి-6 ముక్కెత్తి సగం దాకా ఎక్కి, పొగ లేకుండా కుంగి ఆగిపోయింది. చెప్పాను కదా పనికిరాదని అన్నట్టు పెద్ద గుమస్తా మా వైపు చూశాడు. ముసలాయన క్లచ్ వదిలి బండిని కిందికి జార్చాడు. మళ్లీ లేపి, అక్కడే గిర్రున తిప్పి, ర్యాంపుకి వీపు పెట్టి, వెనక్కి ఒక్క ఊపులో ట్రెయిలరు మీదికి ఎక్కించేశాడు.

"అదేటయ్యా, ఎనక్కి ఎలాగెక్కింది?" అన్నాడు గుమస్తా.

"డీజిలు ముందుకొచ్చింది బాబూ" అని ముసలాయన కిందికి దిగి చైన్లకి చెక్కలు అడ్డం పెట్టడం మొదలెట్టాడు. గుమస్తా రసీదు మీద ముద్ర గుద్ది, జాబితాలో తర్వాతి బండి నంబరు చదివాడు.